పక్కగదిలో ఉన్నావిడ

పోయిన నెల మంగళగిరి నుంచి విజయవాడ వస్తున్న బస్సులో నా ముందు సీటులో ఇద్దరమ్మాయిలు ఫోనులో ఒక సిరీస్ చూస్తున్నారు. చెవులకేమీ పెట్టుకోలేదు. వారధి మీదికి వచ్చేసరికి ఫోనులోంచి వినపడిన మాటకి తలెత్తాను. అది నేను రాసిన డైలాగే. వరదకి కరకట్ట తెగి, లంక గ్రామాల జనం పిల్లల్ని చంకనేసుకుని చెట్లెక్కే ఎపిసోడ్.

"ఇదంతా నిజంగా జరిగిందంటావా?" అంది ఒకమ్మాయి.

"నవల్లోంచి తీశారంటలే. అంతా కల్పితమని మొదట్లోనే వేశాడుగా" అంది రెండో అమ్మాయి.

ఆ నవల రాసినావిడ ఈమధ్యనే, గుణదల మేరీమాత తిరునాళ్ల రోజుల్లో పోయారు. ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే అదే ఇంటిపేరున్న మరొకాయన పేరు కూడా రాసినట్టవుతుంది. ఆ సంగతి పోలీసుల దగ్గర ఇంకా తేలలేదు. నేను ఆవిణ్ణి మేడమ్ అని పిలిచేవాణ్ణి. ఇక్కడా అలాగే అంటాను.

మొదటిసారి గుణదలలో ఆవిడ ఇంటికి వెళ్లినప్పుడు నాకు టీ ఇవ్వలేదు. పళ్లెంలో దోరజామకాయ ముక్కలు కోసి, పక్కన ఉప్పూకారం వేసి తెచ్చారు. తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా అంతే. జామకాయలు దొరకని రోజుల్లో పచ్చిమామిడికాయో, కీరదోసకాయో ఉండేది. మీ ఇంట్లో టీ పెట్టరా మేడమ్ అని ఒకరోజు అడిగేశాను.

"టీ ఇస్తే గటగటా తాగేసి ఎవరి పని మీద వాళ్లు పోతారబ్బాయ్. ఇదైతే నమలాలిగా. నమిలినంతసేపైనా కూర్చుంటారు."

నవ్వుతూ అన్న మాట కాదది. ఆవిడ నవ్వగా నేను చూసింది తక్కువ. కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. డెబ్బై దాటినా నిటారుగా నడిచేవారు. కుడిచెవి బొత్తిగా వినపడేది కాదు. అందుకని ఎవరితో మాట్లాడుతున్నా ముఖం పక్కకి తిప్పి ఎడమచెవి ముందుకి పెట్టేవారు. కొత్తవాళ్లు, ఈవిడకి మనల్ని చూడటమే ఇష్టంలేదేమో అనుకునేవారు.

కొన్ని మాటలు ఆవిడ ముందు అనడానికి లేదు. ఎవరైనా "నిజం చెప్పాలంటే" అని మొదలుపెట్టారో, "అంటే ఇందాకట్నించీ చెప్పిందేంటి?" అని అడ్డం పడేవారు. "నాకేం తెలీదండీ" అన్నా వదిలేవారు కాదు. "కొంచెం తెలుసుగా. ఆ కొంచెమే చెప్పు" అనేవారు. వీధిలో కూరలమ్మే ఆవిడ దగ్గర్నుంచి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన మనిషి దాకా అందరికీ ఇదే వరస. ఆ వీధిలో చాలామంది ఆవిణ్ణి చాదస్తం మనిషి అనుకునేవారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను.

ఆవిడ రాసిన నవల అదొక్కటే. ఎప్పుడో వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. తర్వాత పుస్తకమైంది, జనం మర్చిపోయారు. మా నిర్మాత దాన్ని పాత పుస్తకాల కొట్లో పట్టుకుని, చదివి, దీన్ని సిరీస్ తీద్దాం, స్క్రిప్టు నువ్వు రాయి అన్నాడు. కథ చెప్పుకోవడానికి తేలికే. డెల్టాలో ఒక కరకట్ట. బంకమన్నుతో కట్టామని చెప్పి, లోపల ఇసక పోసి, పైన మాత్రం బంకమన్ను పూసి వదిలేస్తారు. వరదొస్తుంది, కట్ట తెగుతుంది, ఊళ్లు పోతాయి. ప్రభుత్వం విచారణ వేస్తుంది. ఆ పని దగ్గరుండి చూసిన కుర్ర ఇంజినీరు, నేను చూసింది చూసినట్టు చెప్తానని అందరికీ చెప్పుకుని తిరుగుతాడు. చెప్పాల్సిన రోజు పొద్దున్న కాలవ కట్ట మీద లారీ గుద్ది చనిపోతాడు. దాని వెనకాల మంత్రి ఉన్నాడని పట్టుకున్న పోలీసు అధికారిని బదిలీ చేస్తారు. అక్కడితో నవల అయిపోతుంది. ఎవరికీ శిక్ష పడదు.

చివర్లో మంత్రిని అరెస్టు చేయిద్దాం అన్నాడు నిర్మాత. మేడమ్ ఒప్పుకోరని భయపడుతూ వెళ్లి చెప్పాను.

"చేయించు. ఎలాగూ బయట చెయ్యరు. అక్కడన్నా చెయ్యనీ" అన్నారు, జామకాయ కోసుకుంటూనే.

పాటొకటి పెట్టాలన్నాం, సరే అన్నారు. ఆ కుర్ర ఇంజినీరుకి ప్రేమకథ కలపాలన్నాం, "వాడికి పెళ్లాం ఉంది కదా, ఆ పిల్లనే ప్రేమించినట్టు రాయి" అన్నారు. ఏం మార్చినా ఆవిడకి పట్టింపు లేదు. ఒక్క సీను దగ్గర మాత్రం పట్టుబట్టారు. అది నవలలో పేజీ కూడా ఉండదు. ఒక తాసిల్దారు ఇంటికి ఫోను వస్తుంది. ఆ కుర్రాడు మర్నాడు ఏ దారిన వస్తాడో, ఒక్కడే వస్తాడని కూడా అతను చెప్తాడు. అంతే.

"హత్య ఎవరు చేశారన్నది పోలీసులు చూసుకుంటారబ్బాయ్. ఎవరెవరికి తెలుసన్నది మనం చూడాలి. ఆ సీను తీస్తే నా నవల తియ్యొద్దు."

నేనా సీను బాగా రాశాననే అనుకున్నాను. రాత్రి, వాన, ఉరుము. తాసిల్దారు నుదుటి మీద చెమట. రిసీవరు పట్టుకున్న చెయ్యి వణుకుతుంది. చదివి వినిపిస్తుంటే ఆవిడ ఎడమచెవి నావైపు పెట్టి చివరిదాకా విన్నారు.

"చెమట పట్టలేదు. వణకలేదు. రాత్రీ కాదు. ఆదివారం పొద్దున. పూజకెళ్లొచ్చి పెసరట్టు తింటున్నాడు. ఫోను మోగితే లేచొచ్చాడు. కుడిచెయ్యి ఎంగిలిచెయ్యి, అందుకని దాన్ని ఇలా పైకెత్తి పెట్టుకున్నాడు. ఎడంచేత్తో రిసీవరు తీశాడు." ఆవిడ తన కుడిచేతిని వేళ్లు ముడిచి భుజం దాకా ఎత్తి చూపించారు. "అవునండి, రేపు పొద్దున్నే అన్నాడు. కాలవ కట్ట మీదుగానే అండి అన్నాడు. బండి మీదే, ఒక్కడే అన్నాడు. పెట్టేశాడు. మళ్లీ వెళ్లి కూర్చుని ఇంకాస్త అల్లప్పచ్చడి వెయ్యమని అడిగాడు. అలా రాయి."

"బాగుంది మేడమ్. నవల్లో ఇలా రాయలేదే మీరు?"

"రాయడానికి ధైర్యం చాల్లేదు."

"అసలు ఆ చెయ్యి అలా పెట్టుకోడం ఎలా తట్టింది మీకు?"

"తట్టడమేంటి. నేను పక్కగదిలో ఉన్నాను. తలుపు తీసే ఉంది."

నేను నమలడం ఆపేశాను. ఆవిడ పళ్లెం నావైపు జరిపి తినమన్నట్టు చూశారు. తర్వాత కిటికీలోంచి రెండు వీధుల అవతలి డాబా ఒకటి చూపించారు.

"మా అన్నయ్య. ఆ కట్ట పని చూసిన ఇంజినీర్లలో వాడే పెద్ద. నవల్లో ఇంజినీరుని తాసిల్దారు చేశాను, ఊరు మార్చాను, కులం మార్చాను, మతం మార్చాను."

ఆ రోజు ఆవిడ ఆపకుండా మాట్లాడారు. ఆ కుర్రాడు ఒకట్రెండుసార్లు వాళ్లన్నయ్య ఇంటికొచ్చాడట. మంగళగిరి నేతవాళ్ల అబ్బాయి. బట్టలు ఇస్త్రీ నలగకుండా ఉండేవాడట. విచారణలో ఉన్నది ఉన్నట్టు చెప్తాను సార్ అని మర్యాదగానే చెప్పి వెళ్లాడట. ఆ ఆదివారం ఫోను మాటలు విన్నప్పుడు ఆవిడకి వాటి అర్థం తెలియలేదు. సోమవారం సాయంత్రానికి లారీ సంగతి తెలిసింది. ఆ మర్నాడు వెళ్లి అన్నయ్యని అడిగారు.

"అన్నయ్యా, మొన్న ఆ ఫోను ఎవర్నించీ అన్నాను. ఏ ఫోను అన్నాడు. అంతే. ఏ ఫోను అన్నవాడితో ఇంకేం మాట్లాడతాం. మళ్లీ వాడింటికి వెళ్లలేదు."

"ఎవరికీ చెప్పలేదా మేడమ్?"

"పాపసంకీర్తనంలో ఫాదర్‌గారికి చెప్పాను. దేవుడికి అప్పజెప్పమ్మా అన్నారు. దేవుడికి నాకంటే ముందే తెలుసుగా." ఆవిడ ఇంకో కాయ అందుకున్నారు. "అన్నయ్యని ఎవరన్నా తీసుకుపోతారని భయం. అంతకంటే ఏంలేదు. నన్ను చదివించింది వాడే."

ఆ అన్న గురించి అంతకు ముందు కూడా ఆవిడ నోట విన్నాను గానీ ఇలాంటి సంగతి ఉందని నాకు తెలియలేదు. షూటింగుకి చోట్లు చూడ్డానికి కాలవ వెంట తిరుగుతున్నప్పుడు ఆవిడ గట్టు మీద వంగి చిటికెడు మట్టి తీసి, ఉమ్మితో తడిపి, వేళ్ల మధ్య నలిపి తాడులా సాగదీసేవారు. బంకమన్నయితే సాగుతుంది, ఇసకయితే తెగిపోతుంది, చిన్నప్పుడు మా అన్నయ్య నేర్పాడు అని చెప్పేవారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో కోపం ఉండేది కాదు.

సీను ఆవిడ చెప్పినట్టే తీశాం. ఆదివారం పొద్దున, పెసరట్టు, పైకెత్తిన ఎంగిలిచెయ్యి.  అయితే సిరీస్ వస్తుందని పేపర్లో పడిన కొద్దిరోజులకి నిర్మాతకి లాయరు నోటీసు వచ్చింది. పంపింది గుణదలలో ఉండే ఒక రిటైర్డు ఇంజినీరు. నవలలోని ఫోను సీను తన పరువు తీసేలా ఉందనీ, అది తెర మీదికి వస్తే కోర్టుకెక్కుతాననీ. ఆ తర్వాత రెండురోజులకి ఇంకెక్కణ్ణించో కూడా నిర్మాతకి ఫోను వచ్చింది. అప్పటి మంత్రి పోయి చాలాకాలమైంది గానీ, కొడుకు రాజకీయాల్లోనే ఉన్నాడు. మంత్రి పాత్ర ఎలాగూ ఎవరో చెప్పలేనంతగా మారిపోయింది. ఫోను సీను పూర్తిగా తీసేశారు.

ఆ మాట చెప్పడానికి మేడమ్‌ని బెంజ్ సర్కిల్ దగ్గర నిర్మాత ఆఫీసుకి పిలిచారు. కింద ట్రాఫిక్ హారన్లు, పైన ఏసీ గది. నిర్మాత చాలా మర్యాదగా, సారీ చెప్తూ, నోటీసు సంగతి చెప్పాడు. ఆవిడ ఎడమచెవి పెట్టి విన్నారు.

"నేను తాసిల్దారు అని రాశాను. ఊరు లేదు, పేరు లేదు. అది తనే అని ఆయనకెలా తెలిసింది?"

నిర్మాత నావైపు చూశాడు. నేను బల్ల వైపు చూశాను.

"తెలిసినట్టేగా" అంటూ ఆవిడ లేచారు. లిఫ్టులో దిగుతున్నప్పుడు నాతో అన్నారు. "రేపు మంగళగిరి వెళ్లాలబ్బాయ్. తోడొస్తావా? ఆ కుర్రాడి భార్య అక్కడే బట్టల షాపు పెట్టుకుందట. నాకు ఎప్పట్నించో తెలుసు."

షాపు గుడి వీధికి దగ్గర్లో, చిన్న సందులో ఉంది. ముందర గది షాపు, వెనక ఇల్లు. షాపు ఆమెకి యాభై దాటి ఉంటాయి. మమ్మల్ని చూసి కొనడానికి వచ్చామనుకుంది. కూర్చోండమ్మగారూ అని చాప వేసి, చీరలు తీసి పరవడం మొదలుపెట్టింది. నిజాం అంచు, చిన్న జరీ, గడులు, ఇది పండగలకి బాగుంటుందండి, ఇది ఉతికేకొద్దీ మెత్తబడుతుందండి. మేడమ్ ఆపలేదు. ప్రతి చీరా చేత్తో తడిమి పక్కన పెడుతున్నారు. చాపంతా చీరలైపోయాయి. చివరికి నేనే ఏదో అనబోయాను. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపారు.

"అమ్మా, నేను చీరల కోసం రాలేదు. మీ ఆయన పోయే ముందు రోజు, ఆయన ఏ దారిన వస్తాడో ఫోనులో చెప్పినవాడు మా అన్నయ్య. నేను పక్కగదిలోంచి విన్నాను."

ఆమె చేతిలో సగం విప్పిన చీర అలాగే ఉండిపోయింది. కాసేపటికి దాన్ని మడత పెట్టింది. తర్వాత ఇంకొకటి. ఒక్కో చీరా అంచులు కలిపి, చేత్తో నొక్కి, దొంతర పెట్టుకుంటూ వచ్చింది. 

"ఏం చెప్పాడండీ?" అంది.

మేడమ్ ఉన్నది ఉన్నట్టు చెప్పారు, పుస్తకంలో రాసిన సంగతితో సహా. ఒక్క మాట కూడా మింగలేదు. ఒక్కడే అన్న మాట దగ్గర ఆమె తలెత్తింది.

"ఒక్కడే వెళ్లాలనుకోలేదండీ ఆయన. నన్నూ రమ్మన్నాడు, దారిలో పుట్టింటి దగ్గర దింపేస్తానని. పాపకి జ్వరమొచ్చి నేను ఆగిపోయాను. నేనుంటే మెల్లగా వెళ్లేవాడు కదా, లారీని చూసుకునేవాడు కదా అని ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉన్నాను."

"నువ్వుంటే నువ్వూ పోయేదానివమ్మా."

"ఏమో." ఆమె వెనక గదివైపు ఒకసారి చూసింది. "ఎవరో ఒకరికి తెలిసే ఉంటుందనుకునేదాన్నండీ. తెలిసినవాళ్లు ఇంత దగ్గర్లో ఉంటారనుకోలేదు. గుణదల కొండకి మేమూ వచ్చేవాళ్లం, మొక్కులకి."

మేడమ్ తలొంచుకున్నారు. ఆవిడ తలొంచుకోవడం నేను అప్పుడే చూశాను.

"పుస్తకంలో రాశానన్నారు. మంచిదే అమ్మగారూ" అంది ఆమె. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఎక్కడన్నా చెప్పారా?"

మేడమ్ లేచి చెప్పులేసుకున్నారు.  ఇంటిముందు దిగాక, గేటు పట్టుకుని నిలబడి, "ఆ పిల్ల సరిగ్గా అడిగింది" అన్నారు.

ఆ వారంలోనే పోలీస్ స్టేషన్‌కి వెళ్లారు. నన్ను రమ్మంటే వెళ్లాను. ఇన్‌స్పెక్టరు నలభై ఏళ్ల మనిషి, పెద్దావిడని చూసి లేచి కుర్చీ వేయించాడు. ఆవిడ చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. తర్వాత ఆ నవల తెప్పించి చదివాడట. రెండోసారి పిలిచినప్పుడు పుస్తకం బల్ల మీద ఉంది.

"అమ్మా, చాలా బాగా రాశారు. మా ఇంట్లో కూడా చదివారు" అన్నాడు. "కానీ మొదటి పేజీలో మీరే రాశారు కదండీ, ఇందులో పాత్రలు, సంఘటనలు అన్నీ కల్పితం అని. ఇప్పుడొచ్చి నిజం అంటే నేను పైవాళ్లకి ఏం చెప్పను?"

"ఆ పుస్తకం మొత్తంలో ఆ వాక్యం ఒక్కటే కల్పితం బాబూ."

అతను నవ్వబోయి ఆగాడు. "లారీ డ్రైవరు లేడు. మంత్రిగారు లేరు. ఫోను ఎక్కణ్ణించి వచ్చిందో ఇప్పుడు తేల్చలేం. మీ అన్నయ్యగారిని అడిగాం. మా చెల్లెలికి రాతల పిచ్చి ముదిరింది, నవలకీ నిజానికీ తేడా తెలీటంలేదు అంటున్నారు. ఇంకోటి, ఏమనుకోవద్దు. మీకు చెవులు కూడా సరిగ్గా వినపడవంటున్నారు."

"అప్పుడు రెండూ వినపడేవి" అన్నారు ఆవిడ. "ఇప్పుడు బయటివి వినపడటం తగ్గింది. అది మాత్రం తగ్గలేదు."

స్టేట్‌మెంటు తీసుకున్నారు. ఆవిడ సంతకం పెట్టారు. మళ్లీ పిలుస్తామన్నారు, పిలవలేదు. ఆవిడ నెలకోసారి తనే వెళ్లేవారు. మొదట్లో కుర్చీ వేసేవారు. తర్వాత్తర్వాత బయట బెంచీ మీద కూర్చోమనేవారు. ఇన్‌స్పెక్టరుగారు బందోబస్తుకి వెళ్లారనేవారు. ఆవిడ బెంచీ మీద కూర్చుని, వచ్చిన ప్రతి కానిస్టేబుల్‌నీ ఇదే అడిగేవారట, ఆ కొంచెమే చెప్పు బాబూ, ఎంతదాకా వచ్చింది అని.

నవలగా రాయకపోతే నమ్మేవాళ్లేమో అని ఆవిడ ఒకసారి నాతో అన్నారు. "చెప్పడానికి భయపడి కథ చేశాను. కథ చేశాను కాబట్టి ఇప్పుడు చెప్పినా కథే అయింది."

 

ఇంటివైపు వాళ్లు రావడం మానేశారు. మేనకోడలి కూతురి పెళ్లికి పిలవలేదు. చర్చిలో ఆవిడ కూర్చునే బల్ల మీద ఆవిడ పక్కన ఎవరూ కూర్చునేవారు కాదని తర్వాత ఒకరు చెప్పారు. ముసలాయన్ని ఈ వయసులో స్టేషన్ మెట్లెక్కించింది అని అందరికీ కోపం. ఎక్కించాల్సిన వయసులో ఎక్కించలేదనే కదా ఆవిడ బాధ. ఆ మాట ఆవిడ ఎవరితోనూ అనలేదు. మాటమాటకీ అందరినీ నిలదీసే మనిషి, తన గురించి ఒక్క సంజాయిషీ ఇచ్చుకోలేదు. జామకాయ ముక్కలు కోసి పెట్టినా, చివర్లో తినడానికి వచ్చేవాళ్లు నేనూ, నెలకోసారి మంగళగిరి నుంచి ఆ షాపు ఆమే. వాళ్లిద్దరూ ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు. ఆమె వచ్చి కూర్చునేది, నమిలేది, చీకటి పడకముందే బస్సెక్కేది. క్షమించిందో లేదో నాకు తెలియదు. అడగాలనిపించలేదు.

తిరునాళ్లకి రోడ్లన్నీ జనంతో నిండి ఉన్న రోజుల్లో మేడమ్‌కి నిద్దట్లోనే గుండె ఆగిపోయింది. శవపేటిక బండి కదలడానికి దారి లేక, కొవ్వొత్తులూ కొబ్బరికాయలూ పట్టుకుని కొండకి వెళ్తున్న జనం మధ్యలో చాలాసేపు ఆగిపోయింది. ఏ పుణ్యాత్మురాలో అని కొందరు దణ్ణం పెట్టుకున్నారు. సమాధుల దగ్గరికి వచ్చింది కొద్దిమందే. కాలేజీలో ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు ఇద్దరుముగ్గురు, వీధివాళ్లు, నేను. మంగళగిరి ఆమెకి కబురు ఆలస్యంగా అందింది, రాలేకపోయింది.

ప్రార్థన అయిపోయి అందరూ కదులుతుంటే, తెల్లచొక్కా వేసుకున్న పెద్దాయన ఒకరు కర్ర పట్టుకుని మెల్లగా నా దగ్గరికి వచ్చారు. ఎనభై దాటిన మనిషి. ముక్కు, కళ్లు అచ్చం మేడమ్‌వే. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చినట్టే ఉన్నారు. ఎవరో నాకు అర్థమైంది.

"సినిమాకి మాటలు రాసింది మీరేనట కదండీ."

అవునండి అన్నాను.

"తీసేసిన ఆ సీను. మీరూ నవల్లో ఉన్నట్టే రాసి ఉంటారు." ఆయన చుట్టూ చూశారు. గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "అందులో ఒక మాట తప్పండి. మా చెల్లాయి సరిగ్గా వినలేదు. ఒక్కడే అని నేను అనలేదు. ఒక్కడేనా అని వాళ్లే అడిగారు. నేను ఆఁ అన్నాను. అంతే. దానికి ఇన్నేళ్లు నాతో మాట్లాడకుండా పోయింది."

 ఆయన నేనేదో ఒప్పుకుంటానని కాసేపు ఎదురుచూశారు. తర్వాత కర్ర తిప్పుకుని గేటువైపు నడిచారు. మనవడు కాబోలు, కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే మంగళగిరి వెళ్లాను. ఆమె షాపు అప్పుడే తెరిచి ముందర నీళ్లు చల్లుతోంది. మేడమ్ పోయిన సంగతి తెలిసే ఉంది గనక ముందు దాని గురించే అడిగింది. ఎలా పోయారు, బాధపడ్డారా, ఎవరెవరొచ్చారు. అన్నీ చెప్పాక, ఆయన నాతో అన్న మాట కూడా చెప్పాను. చెప్పకుండా దాచుకోవచ్చా అని దారంతా ఆలోచించాను గానీ, ఆమె ముఖం చూశాక దాచలేకపోయాను.

ఆమె చెంబు గడప మీద పెట్టింది.

"ఆఁ అన్నాడా?"

"అవునండి."

"అంత చిన్నమాటా అండీ" అంది.  లోపలికి వెళ్లి చీర మార్చుకొచ్చింది, షట్టరు దించింది, తాళం వేసింది.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరు మారాడు. కొత్తాయనకి మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. నేను విన్నది విన్నట్టు చెప్పాను. మీరేం చేస్తుంటారు అని అడిగితే, రాస్తుంటానండి, సినిమాలకి అన్నాను. ఆయన పెన్ను కాసేపు ఆగింది. మళ్లీ కదిలింది. పెద్దాయన ఆ మాట అన్నప్పుడు ఇంకెవరైనా ఉన్నారా అన్నాడు. దగ్గర్లో ఎవరూ లేరన్నాను. తర్వాత ఆమె వైపు తిరిగాడు. మొదట ఆమెని మేడమ్ బంధువే అనుకున్నట్టున్నాడు.

"పోయినావిడకి మీరేమవుతారమ్మా?"

ఆమె ఒళ్లో చేతులు పెట్టుకుని, ఏ వరస చెప్పాలో తెలియనట్టు ఆలోచించింది.

"ఏమీ కానండి" అంది. "తెలిసినవాళ్లు చాలామందే ఉండుంటారు సార్. ఆవిడొక్కతే వచ్చి నాకు చెప్పింది."